నిద్రలో ఉన్న పెద్దాయనకి కువైట్ కాల్ వినపడాలి: ఒక రింగ్‌టోన్ కేస్ స్టడీ

ఈ కేసు రాజంపేట దగ్గర ఒక పల్లెది. పెద్దాయనకి డెబ్బై దాటినాయి, భార్య లేదు, కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది, మనవడు ఇంటర్ చదువుతా హాస్టల్లో ఉంటాడు, సెలవులకి మాత్రం వస్తాడు. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇట్లాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆడవాళ్ళు కువైట్ పోయి ఇళ్ళల్లో పని చేస్తా ఇక్కడ ఇల్లు నడపడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ అమ్మాయికి తీరిగ్గా ఫోన్ చేసుకునే టైమ్ ఒక్కటే, అక్కడ ఇంట్లో వాళ్ళంతా భోంచేసి పడుకున్నాక, అంటే రాత్రి పది. కువైట్‌కి మనకి రెండున్నర గంటల తేడా కాబట్టి ఇక్కడ పన్నెండున్నర. ఆ టైమ్‌కి పెద్దాయన మంచి నిద్రలో ఉంటాడు, ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది, తెల్లారి లేచి చూస్తే మిస్డ్ కాల్. ఆయన తిరిగి చేస్తే ఆ అమ్మాయి పనిలో ఉంటుంది, ఎత్తలేదు. ఇట్లా వారాలు గడిచిపోతున్నాయి, ఇద్దరూ మాట్లాడుకోవడమే లేదు.

మనవడు ఫోన్ పట్టుకోని నా షాపుకి వచ్చి అడిగింది ఏంటంటే, "అన్నా, తాత ఫోన్‌కి కాలర్ ట్యూన్ మార్చాలన్నా, గట్టిగా ఉండేది పెట్టన్నా" అని. ఇది రోజూ వినే మాటే. కాలర్ ట్యూన్ అంటే ఫోన్ చేసినోళ్ళకి వినపడేది, అది కంపెనీ నెట్‌వర్క్ నుంచి వస్తుంది, మన ఫోన్‌లో ఉండదు, కొన్ని ప్లాన్లలో దానికి నెల నెలా డబ్బులు కూడా పోతాయి. మన ఫోన్ మోగేది రింగ్‌టోన్, అది మన ఫోన్‌లో ఉండే ఒక ఆడియో ఫైల్ అంతే, పైసా ఖర్చు లేదు. మనవడికి కావాల్సింది ఈ రెండోది.

నేను మొబైల్ సర్వీస్ పనితో పాటు చిన్నగా రికార్డింగ్ పని కూడా చేస్తా, రింగ్‌టోన్లు చాలానే చేసిచ్చినా, ఎక్కువ మంది అడిగేది ఒక పాటలో పల్లవి కోసి ఇవ్వమని. అది పది నిమిషాల పని. కానీ ఒక మనిషికి వినపడట్లేదు అని వచ్చినప్పుడు పాట గురించి ఆఖర్న ఆలోచించాలి. ముందు మూడు విషయాలు తెలియాలి: వినే చెవి ఎట్లాంటిది, ఆ ఫోన్ స్పీకర్ ఏం పలకగలదు, మోగే టైమ్‌కి ఆ మనిషి ఎక్కడ ఏ స్థితిలో ఉంటాడు. ఈ మూడూ తెలిస్తే టోన్ దాదాపు దానంతటదే తయారవుతుంది, ఇవి తెలియకుండా ఎంత గట్టి పాట పెట్టినా లాభం లేదు. ఈ కేసు వివరంగా రాస్తున్నది అందుకే, ఇట్లాంటి అమ్మానాన్నలు మీ ఇళ్ళల్లో కూడా ఉంటారు.

చెవి

పెద్దాయనకి వినికిడి మిషన్ ఉంది, పగలు పెట్టుకుంటాడు. ఆస్పత్రిలో తీసిన ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూపే కాగితం, ఇంట్లో జాగ్రత్తగా దాచిపెట్టినారు, అది నాకు బంగారం దొరికినట్టే. హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత సన్నం అనేదాని లెక్క (దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు), అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది, డెసిబెల్ అంటే గట్టిదనం లెక్క. 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్ లాస్, 1000 దగ్గర 35, 2000 దగ్గర 50, 4000 దగ్గర 70. వయసుతో వచ్చే చెవుడు ఎక్కువగా ఇట్లాగే ఉంటుంది, ముందు సన్నటి శబ్దాలు పోతాయి, లావు శబ్దాలు చాలా కాలం నిలబడతాయి. అందుకే పెద్దోళ్ళు "మాట వినపడుతుంది గానీ అర్థం కాదు" అంటారు, స, శ, త లాంటి హల్లులు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, అవి మిస్ అవుతాయి, అచ్చులు మాత్రం వినపడతాయి.

ఇప్పుడు ఫోన్‌తో వచ్చే మామూలు రింగ్‌టోన్లు చూడండి, గంటలు, గాజు తీగ మోగినట్టు ఉండే సన్న చప్పుళ్ళు. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య బాగా చురుగ్గా ఉంటుంది, చిన్న స్పీకర్ కూడా అక్కడ బాగా పలుకుతుంది, కాబట్టి కుర్రోళ్ళ చెవికి ఆ డిజైన్ కరెక్టే. కానీ ఈయన కాగితం ప్రకారం సరిగ్గా అక్కడే చెవి పోయింది. వాల్యూమ్ ఫుల్ పెట్టి మనవడు చెవులు మూసుకుంటుంటే తాతకి పక్క గదిలో ఏదో సన్నగా కూసినట్టు ఉంటుంది.

మరి ఆ పై ఫ్రీక్వెన్సీలనే ఇంకా పెంచితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఇట్లాంటి చెవుల్లో వినపడని శబ్దాన్ని పెంచుకుంటా పోతే ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది, వినపడడానికీ బాధ పెట్టడానికీ మధ్య జాగా తక్కువ. బాగున్న చోట వాడుకోవడమే దారి.

ఇంకొక ముఖ్య విషయం, రాత్రి పడుకునేటప్పుడు మిషన్ తీసి డబ్బాలో పెడతాడు. అంటే మనం టోన్ చేయాల్సింది మిషన్ లేని చెవికి.

స్పీకర్, గది

ఫోన్ మామూలు బడ్జెట్ ఆండ్రాయిడ్, స్పీకర్ కింద అంచులో ఒకటే. ఇట్లాంటి చిన్న స్పీకర్లు 500 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకవు, అంత గాలిని తోసే సైజు లేదు వాటికి. నేను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 300 నుంచి 4000 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పైకి పోయే టోన్ ఒకటి తయారు చేసి ఈ ఫోన్‌లో వేసి, దిండు పక్కన నా ఫోన్ పెట్టి రికార్డ్ చేసి, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో చూసినా. 600 దగ్గర మొదలై 700, 800కి బాగా లేచింది. పర్ఫెక్ట్ కొలత కాదు, నా ఫోన్ మైకుకి దాని లెక్క దానికి ఉంటుంది, కానీ ఎక్కడ పడిపోతుంది ఎక్కడ లేస్తుంది అనేది తెలియడానికి చాలు.

అంటే చెవి పై వైపు కోసేసింది, స్పీకర్ కింది వైపు కోసేసింది. మిగిలింది సుమారు 600 నుంచి 1800 హెర్ట్జ్ దాకా ఒక ఇరుకు దారి. టోన్‌లో ఉండే బలమంతా ఆ దారిలోనే పోవాలి, బయట పెట్టిందంతా వేస్టు, ఇంకా చెప్పాలంటే నష్టం, ఎందుకంటే స్పీకర్ పలకలేని లావు శబ్దం కూడా ఫైల్‌లో జాగా తింటుంది, దాని వల్ల పలికే భాగాన్ని పెంచుకోలేం.

గది చూడ్డానికి ఇంటికి పోయినా. ఇది చాలామంది చేయరు, చేయాలి. రేకుల కప్పు, నెత్తిన ఫ్యాన్ ఫుల్ స్పీడు, నులక మంచం, ఫోన్ దిండు కింద. దిండు కింద పెడితే స్పీకర్ రంధ్రం దూదిలో మూసుకుపోతుంది, ఉన్న శబ్దం కూడా చచ్చిపోతుంది. ఫ్యాన్ గాలి మోత కింది ఫ్రీక్వెన్సీలని కప్పేస్తుంది. ఫోన్‌లో "డోంట్ డిస్టర్బ్" రాత్రి పదకొండుకి దానంతటదే ఆన్ అయ్యేట్టు ఎవరో పెట్టినారు, అది కూడా అక్కడే దొరికింది. అది ఉన్నన్నాళ్ళు పన్నెండున్నరకి ఏ టోన్ పెట్టినా మోగేదే కాదు. ఆయన చెవి ఎంత ఉన్నా అసలు చప్పుడే లేని రాత్రులు ఎన్నో పోయి ఉంటాయి పాపం. రింగ్‌టోన్ కేసు ఏది వచ్చినా ఫస్ట్ ఇది చూడండి.

నిద్ర లేపే శబ్దం

దీని మీద గట్టి పరిశోధన ఉంది, రింగ్‌టోన్ల మీద కాదు, ఫైర్ అలారాల మీద. ఆస్ట్రేలియాలో విక్టోరియా యూనివర్సిటీకి చెందిన డొరొథీ బ్రక్ వాళ్ళు నిద్రపోయే మనుషుల మీద రకరకాల అలారం శబ్దాలు పరీక్షించినారు. మామూలు పొగ అలారంలో ఉండే 3100 హెర్ట్జ్ ప్రాంతం సన్నటి టోన్ కంటే 520 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ చాలా తక్కువ వాల్యూమ్‌లోనే నిద్ర లేపింది, పెద్దవాళ్ళలోనూ వినికిడి తగ్గినవాళ్ళలోనూ ఈ తేడా బాగా కనిపించింది. ఆ ఫలితాల ఆధారంగానే అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే ఫైర్ అలారం ప్రమాణంలో హోటళ్ళు, హాస్టళ్ళ లాంటి చోట్ల పడకగదుల్లో 520 హెర్ట్జ్ అలారం ఉండాలని 2014 నుంచి అమల్లోకి తెచ్చినారు.

స్క్వేర్ వేవ్ గొప్పతనం ఏంటంటే అది ఒక్క ఫ్రీక్వెన్సీ కాదు, 520 తో పాటు దానికి మూడింతలు 1560, అయిదింతలు 2600, ఇట్లా బేసి లెక్కలో పై శబ్దాలు కూడా ఉంటాయి, ఒకటి చెవికి అందకపోతే ఇంకొకటి అందుతుంది. పైగా ఒక్క ఫ్రీక్వెన్సీ మాత్రమే ఉండే సైన్ వేవ్‌లో పీక్‌కీ సగటు బలానికీ 3 డెసిబెల్ తేడా ఉంటే స్క్వేర్ వేవ్‌లో తేడానే లేదు, అదే పీక్‌లో ఎక్కువ బలం నింపొచ్చు.

అయితే 520 నే తెచ్చి ఫోన్‌లో పెడితే కుదరదు. అలారం పెట్టెలో దానికి తగ్గ స్పీకర్ ఉంటుంది, ఈ ఫోన్‌లో 520 దగ్గర సగం శబ్దం లేదు. అందుకని నేను 620, 780 రెండు స్క్వేర్ టోన్లు మార్చి మార్చి వచ్చేట్టు పెట్టినా. 780 ఈ స్పీకర్‌లో బాగా లేస్తుంది, 620 కి మూడింతలు 1860, అది కూడా మన దారిలో అంచుకి పడుతుంది. ఒకే టోన్ సాగదీస్తే చెవి దానికి అలవాటు పడి వదిలేస్తుంది, రెండు మారుతుంటే, మధ్యలో గ్యాప్ ఉంటే, ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. ఆడాసిటీలో జనరేట్ మెనూలో టోన్, అందులో వేవ్‌ఫామ్ స్క్వేర్, ఆంప్లిట్యూడ్ 0.5, ఒక్కొక్కటి 0.4 సెకను. ప్రతి ముక్కకీ మొదట్లో చివర్లో 10 మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టండి, లేకపోతే టక్ టక్ మని క్లిక్కులు వస్తాయి.

చెక్కలు

ఉత్త స్క్వేర్ టోన్ లేపుతుంది గానీ మనిషిని భయపెడుతుంది. పెద్దాయనకి బీపీ ఉంది, అర్ధరాత్రి గుండె దడతో లేవకూడదు, కూతురు ఫోన్ అంటే సంతోషంగా లేవాలి కదా. అందుకని ఆయన మనసుకి తెలిసిన శబ్దం ఒకటి కలపాలని అడిగితే, వయసులో ఉన్నప్పుడు చెక్కభజన ఆడేవాణ్ణి అన్నాడు. మనవడు పెట్టిన పాత రింగ్‌టోన్ కూడా భజన రికార్డింగే. అది ఎందుకు పని చేయలేదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది, అందులో డోలు దెబ్బ స్పీకర్‌లో రాదు, చెక్కలకి ఉండే ఇత్తడి బిళ్ళల గలగల ఈయన చెవికి రాదు, పాడే గొంతులు వెనకెక్కడో ఉన్నాయి. బయట విన్నవాళ్ళకి మంచి పాట, ఆయనకి మిగిలింది ఏమీ లేదు.

ఊర్లో భజన బృందం వాళ్ళని అడిగి రామాలయం దగ్గర ఒక్క జత చెక్కలు మాత్రం రికార్డ్ చేసినా. బిళ్ళలు కదలకుండా గుడ్డ ముక్క కట్టించినా, కట్టె కట్టె మీద పడే ఆ ఎండు దెబ్బ మాత్రమే కావాలి నాకు. ఆ దెబ్బ బలం 1000 నుంచి 2000 మధ్య చక్కగా ఉంది. వాళ్ళు మొదట కొంచెం ఆశ్చర్యపోయినారు, బిళ్ళలు లేకుండా చెక్కలేంది అని, ఎవరి కోసమో చెప్పినాక అందరూ తలా ఒక నడక వాయించి ఇచ్చినారు. మన దగ్గర దొరికే ఇట్లాంటి శబ్దాలు రింగ్‌టోన్లకి ఎంత బాగుంటాయో నిజంగా, ఎవడూ వాడడు.

గొంతు

మనిషిని నిద్రలో లేపేది తన వాళ్ళ పిలుపు, ఇది ఎవరూ కాదనరు. కూతురికి మనవడి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టినాం, నాన్నని పిలిచినట్టు రికార్డ్ చేసి పంపమని. మొదటిది రాత్రి పంపింది, గుసగుసగా ఉంది, ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడలేదు పాపం. గుసగుస ఈ పనికి అస్సలు పనికి రాదు, అందులో గొంతు నాదం ఉండదు, గాలి శబ్దమే, అందులో ఎక్కువ పై ఫ్రీక్వెన్సీలే. సెలవు రోజు స్నేహితురాలి రూముకి పోయినప్పుడు చేయమన్నాం, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కేకేసినట్టు పిలువు అని చెప్పినాం. గొంతు ఎత్తి పిలిస్తే శబ్దం పెరగడమే కాదు, దాని బలం కింది నుంచి పైకి జరుగుతుంది, 700, 1000 దగ్గర చిక్కబడుతుంది, మనకి కావాల్సిందే అక్కడ.

ఏం పలకాలి అనేది కూడా ఆలోచించినాం. మా వైపు నాన్నని నాయనా అంటారు. ఈ పిలుపులో రెండు పెద్ద "ఆ" లు ఉన్నాయి, ఆడ గొంతులో "ఆ" అచ్చు బలం సుమారు 800 దగ్గర ఒకటి, 1200 పై చిల్లర దగ్గర ఒకటి ఉంటుంది, రెండూ మన ఇరుకు దారిలోనే పడతాయి. న, య కూడా మెత్తటి హల్లులే, స శ లాగా పైన పోయేవి కావు. ఆ అమ్మాయి "నాయనా, ఫోనెత్తు నాయనా" అని పిలిచి పంపింది. "ఫోనెత్తు" లో ఫ, త్తు ఈయనకి సరిగా అందవు, ఫర్వాలేదు, ముందూ వెనకా నాయనా అందుతుంది.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఓపస్ ఫార్మాట్‌లో వస్తుంది, క్వాలిటీ గురించి భయపడేవాళ్ళు ఉంటారు, ఈ పనికి ధారాళంగా చాలు, మనం వాడేది 2000 లోపలే కదా. ఆడాసిటీకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ వేసుకుంటే నేరుగా తెరుచుకుంటుంది. ఏసీ మోత ఉంది, మాట లేని చోట అర సెకను సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ తీసుకొని 9 డెసిబెల్ మాత్రమే తగ్గించినా, ఇంకా లాగితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అయిపోతుంది. తర్వాత 400 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేసే హై పాస్ ఫిల్టర్, ఆక్టేవ్‌కి 24 డెసిబెల్. 800 నుంచి 1600 దాకా ఈక్యూలో 5 డెసిబెల్ లేపినా. తర్వాత గట్టి చోట్లకీ మెల్లటి చోట్లకీ తేడా తగ్గించే కంప్రెసర్ 4:1, పిలుపు చివర్లో గొంతు దిగిపోకుండా. ఆఖర్న శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్, పీక్ మైనస్ 1 డెసిబెల్. నార్మలైజ్ ఒక్కటి కొట్టి వదిలేస్తే పీక్ మాత్రమే పైకి పోతుంది, చెవికి తెలిసే గట్టిదనం రాదు, కంప్రెసర్ లేకుండా ఈ పని కాదు. స్టీరియో వద్దు, మోనో చేసేయండి. ఒక్క స్పీకర్ ఫోన్‌లో ఎడమ కుడి కలిపేటప్పుడు కొన్ని పాటల్లో గొంతో వాయిద్యమో ఒకదాన్నొకటి కొట్టేసుకొని పలచబడతాయి.

పరీక్ష

మనవడు సెలవులకి ఉన్నప్పుడు, పెద్దాయనకి చెప్పి ఒప్పించి, రాత్రిపూట పక్కగది నుంచి కాల్ చేయించినాం. ఏ రోజు ఏ టోన్ అనేది ఆయనకి చెప్పలేదు. కొలిచి చూడ్డానికి నాలుగు రకాలు పెట్టుకున్నాం: పాత భజన పాట, ఉత్త స్క్వేర్ టోన్, ఉత్త కూతురి గొంతు, చెక్కలూ టోన్లూ గొంతూ మూడూ కలిపింది.

పాత పాటకి కదల్లేదు. స్క్వేర్ టోన్‌కి వెంటనే లేచినాడు, కానీ లేచి కూర్చొని నలుదిక్కులా చూసినాడు, అది ఫోన్ అని తట్టలేదు, కొంచెం కంగారు పడినాడు. ఆ వెర్షన్ అక్కడికక్కడే పక్కన పెట్టేసినాం.

ఉత్త గొంతు పెట్టిన రాత్రి జరిగింది నేను మర్చిపోలేను. మనవడు చెప్పినాడు, తాత రెండో పిలుపుకే లేచి, ఫోన్ వైపు చూడకుండా నేరుగా పోయి వీధి తలుపు గడియ తీసినాడంట. "పాప వచ్చిందనుకున్న్యా అబ్బయ్యా" అన్నాడు నాతో తర్వాత. లేపడం వరకు చూస్తే ఆ టోన్ నూటికి నూరు పాళ్ళు పని చేసినట్టే, కానీ మనిషి నిద్ర మత్తులో ఉంటాడు, చీకట్లో తలుపు దగ్గరికి పోతాడు, గడప తట్టుకొని పడితే ఏం కావాలి, అన్నిటికంటే ఆ తలుపు తీసినప్పుడు బయట ఎవరూ లేకపోవడం ఆయన రోజూ పడాల్సిన బాధ కాదు. అందుకే గొంతు ఒక్కటే పెట్టకూడదు అని అప్పుడే గట్టిగా అనుకున్నా. సొంతవాళ్ళ గొంతు రింగ్‌టోన్‌గా పెట్టమని అడిగే వాళ్ళందరికీ ఇప్పుడు ఈ మాట చెప్తా, గొంతుకి ముందు ఇది ఫోన్ అని తెలిపే గుర్తు శబ్దం ఒకటి తప్పకుండా ఉండాలి.

కలిపిన వెర్షన్ వరుస ఇట్లా కుదిరింది. ముందు చెక్కలు రెండు సెకన్లు, మొదటి దెబ్బ తక్కువగా మొదలై నాలుగో దెబ్బకి ఫుల్ అవుతుంది, ఉలిక్కిపడకుండా. తర్వాత 620, 780 టోన్లు మారుతా మూడు జతలు, వాటి మీద చెక్కల నడక ఆగకుండా. తర్వాత అర సెకను నిశ్శబ్దం, "నాయనా, ఫోనెత్తు నాయనా". మళ్ళీ ఒకటిన్నర సెకను గ్యాప్. మొత్తం ఎనిమిది తొమ్మిది సెకన్లు, ఇదే తిరుగుతా ఉంటుంది. పొడవు ఇంతే ఎందుకు అంటే, మన దేశంలో మామూలు మొబైల్ కాల్ ఎత్తకపోతే 30 సెకన్లే మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో రూల్ పెట్టింది, ల్యాండ్‌లైన్‌కి 60. ఆ 30 సెకన్లలో పిలుపు కనీసం మూడు సార్లు రావాలి. పాట ముక్క పెట్టుకునేవాళ్ళు కూడా ఇది గుర్తు పెట్టుకోండి, పది సెకన్ల వీణ ఇంట్రో తర్వాత పల్లవి వచ్చే టోన్ అయితే మూడో వంతు టైమ్ అక్కడే అయిపోతుంది. ఫోన్‌లో రింగ్ మెల్లగా మొదలై పెరిగే ఆప్షన్ ఉంటే అది కూడా ఇట్లాంటి వాళ్ళకి ఆఫ్ చేయాలి.

ఈ వెర్షన్‌కి లేచినాడు, ఫోన్ తీసుకున్నాడు, పచ్చది జరిపినాడు. కంగారు లేదు. మూడు విడి విడి రాత్రుల్లో ఒకేలా జరిగినాక ఫైనల్ చేసినాం.

ఫోన్‌లో పెట్టడం

ఎక్స్‌పోర్ట్ ఓజీజీ వోర్బిస్, మోనో, 44100 హెర్ట్జ్. ఎంపీ3 కూడా పాడుతుంది గానీ ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైల్ మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ కలుపుతుంది, లయ తెగకుండా తిరగాల్సిన టోన్లలో అది తెలుస్తుంది. ఈ కేసులో చివర గ్యాప్ మనమే పెట్టుకున్నాం కాబట్టి తేడా లేదు, అలవాటుగా ఓజీజీ చేసినా. ఆగకుండా తిరిగే వాయిద్యం టోన్ చేసేవాళ్ళు ఓజీజీ మెటాడేటాలో ANDROID_LOOP అనే ట్యాగ్ ట్రూ అని పెట్టుకుంటే అతుకు తెలియకుండా తిరుగుతుంది. 

ఫైల్‌ని ఫోన్ లోపలి స్టోరేజ్‌లో రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి, మెమరీ కార్డులో వద్దు, కార్డు తీసినా పాడైనా ఫోన్ చెప్పాపెట్టకుండా పాత టోన్‌కి పోతుంది. ఈ టోన్ కూతురి నంబర్ ఒక్కదానికే. అందరికీ పెడితే లోన్ కాల్స్ వాళ్ళు చేసినా "నాయనా" అని పిలుస్తుంది, ఆ పిలుపు విలువ పోతుంది. ఆ నంబర్ సిమ్‌లో సేవ్ అయి ఉంది, సిమ్‌లో ఉన్న కాంటాక్ట్‌కి విడిగా రింగ్‌టోన్ పెట్టడం కుదరదు, దాన్ని ఫోన్‌లోకి మార్చినాక ఆప్షన్ వచ్చింది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కువైట్ నుంచి ఆ అమ్మాయి చేసేది వాట్సాప్ కాల్, కాంటాక్ట్‌కి పెట్టిన రింగ్‌టోన్ వాట్సాప్ పట్టించుకోదు, దానికి దాని సెట్టింగ్ వేరు. వాట్సాప్‌లో ఆమె పేరు నొక్కి, నోటిఫికేషన్స్‌లో కస్టమ్ పెట్టి, కాల్ రింగ్‌టోన్‌గా ఇదే ఫైల్ ఇవ్వాలి. రెండు చోట్లా పెట్టినా. తర్వాత బ్యాటరీ సెట్టింగ్స్‌లో వాట్సాప్‌ని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయాలి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయాలి, లేకపోతే రాత్రి ఫోన్ పడుకున్నాక వాట్సాప్ కూడా పడుకుంటుంది, కాల్ వచ్చినట్టు తెల్లారే చూపిస్తుంది. డోంట్ డిస్టర్బ్ షెడ్యూల్ మొత్తం తీసేసినా. దానికి బదులు గ్రూపులన్నీ మ్యూట్, మెసేజ్ సౌండ్ ఆఫ్, రాత్రి మోగితే కాలే మోగాలి. పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కితే రింగ్ ఆగిపోయే షార్ట్‌కట్ ఒకటి ఉంటుంది, పెద్దోళ్ళు ఫోన్ పట్టుకునేటప్పుడు తెలియకుండా అది నొక్కేస్తారు, అది కూడా ఆఫ్.

ఫోన్ ఎక్కడ పెట్టాలి అనేది సగం పని. దిండు కింద నుంచి తీయించి మంచం పక్కన స్టూలు మీద, స్టీలు పళ్ళెంలో, స్పీకర్ వైపు ఆయన తలవైపు తిరిగేట్టు పెట్టించినాం. స్టీలు పళ్ళెం శబ్దాన్ని వెనక్కి కొడుతుంది, పైగా వైబ్రేషన్ ఆన్‌లో ఉంటే పళ్ళెం డడడడ మని మోగుతుంది, అది ఇంకొక అలారం. ఛార్జర్ వైరు కూడా అక్కడికే వచ్చేట్టు చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసినాం, ఛార్జింగ్ అయిపోతే ఇదంతా దండగ కదా.

తర్వాత

ఇప్పుడు ఆ అమ్మాయి చేసే కాల్స్‌లో ఎక్కువ శాతం ఎత్తుతున్నాడు. ఎత్తనివి కొన్ని ఉన్నాయి, జలుబు చేసి చెవులు దిబ్బడ వేసినప్పుడు, కరెంటు పోయి నెట్‌వర్క్ లేనప్పుడు, మాత్ర వేసుకొని పడుకున్నప్పుడు. ఆమెకి కూడా ఒక పద్ధతి చెప్పినాం, ఒకసారి ఎత్తకపోతే ఒక నిమిషం ఆగి మళ్ళీ చేయమని, మొదటిది నిద్ర పలచబరిస్తే రెండోది లేపుతుంది.

కుడి చెవి దిండుకి ఆనించి పడుకుంటే ఎడమ చెవి పైన ఉంటుంది, ఆయనకి ఎడమ చెవే కొంచెం నయం, కాబట్టి కుడి పక్కకి తిరిగి పడుకునే అలవాటు చేసుకోమన్నా. అది ఆయన చేతిలో లేదు అనుకోండి, నిద్రలో ఎటు తిరుగుతామో ఎవరికి తెలుసు, చెప్పడం చెప్పినా.

వినికిడి ఏడాదికి ఏడాది మారుతుంది కాబట్టి కొత్త ఆడియోగ్రామ్ తీయించినప్పుడు కాగితం ఫోటో పంపమని మనవడికి చెప్పినా. ఫోన్ మార్చినా మళ్ళీ కొలవాల్సిందే, కొత్త స్పీకర్ 780 దగ్గర కాకుండా 900 దగ్గర లేవొచ్చు, అప్పుడు టోన్లు ఆ మేరకు జరపాలి. అందుకే ఆడాసిటీ ప్రాజెక్ట్ ఫైల్, చెక్కలు విడిగా, టోన్లు విడిగా, కూతురి గొంతు ఒరిజినల్ విడిగా, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి మనవడి చేతికే ఇచ్చినా, నా షాపులో కాపీ పెట్టుకోలేదు, ఆ గొంతు వాళ్ళ ఇంటిది.